రెండీతల గుర్రం

రెండేళ్ళు నిండని ఆడ గుర్రప్పిల్లని, నిండు మనిషిని మోసే పెళ్ళిగుర్రం కింద అమ్మేశారు. తారు కరిగే ఎండలో, వీపు మీద పెళ్ళికొడుకు ఉండగా, లాకుల వంతెన దిగుడులో దాని ముందుకాలు విరిగింది. దాని వయసెంతో అమ్మినాయనకి తెలుసు, ఎందుకంటే అది ఆయన కొబ్బరితోటలోనే పుట్టింది.

జరిగిన తప్పు ఇది. దీన్ని నేను ఎప్పుడూ ఇంత పొట్టిగానే చెబుతూ వచ్చాను. ఊరు మాత్రం పొడుగ్గా చెప్పుకుంది. అలా పొడుగు చేసి చెప్పుకోవడంలో తప్పు మెల్లిగా జరిగి జరిగి నా మీదికొచ్చింది. పిల్లదాన్ని నీళ్ళలో నానేసి ఎముకలు మెత్తబరిచింది నేనేనట. అది అబద్ధమని నోటితో చెప్పి చెప్పి అలిసిపోయాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

మా నాన్న కొత్తపేట సెంటర్లో జట్కా తోలేవారు. నేను బడిలో చదివింది అయిదో తరగతి దాకానే. ఆ తరవాతి చదువంతా పకోడీ పొట్లాల మీదా, ఎరువుల బస్తాల మీదా, మందు సీసాల మీదా చదివిందే. కాగితం చదివి, చేతికంటిన నూనె తలకి రాసుకున్న చదువు నాది. జట్కాలు పోయి ఆటోలొచ్చాక నేను కాస్త భూమి కౌలుకి చేసుకున్నాను. కానీ గుర్రం వాసన ఒంటికి పట్టినవాడికి అది అంత తేలిగ్గా పోదు. ఊళ్ళో ఎక్కడ గుర్రం కనపడినా ఆగి కాళ్ళు చూసేవాణ్ణి. మనుషుల్ని మొహం చూసి గుర్తుపడతాం, గుర్రాన్ని మా ఇంట్లో కాళ్ళు చూసి గుర్తుపట్టేవాళ్ళం.

తొంభైల్లో పెద్ద తుపాను మా తోటల్ని నేలమట్టం చేసి వెళ్ళాక, మా ఊరి కొబ్బరి షావుకారు గారికి ఓ ఆలోచన వచ్చింది. సగం చెట్లు కూలిపోయాయి, మిగతావి కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. అప్పుడప్పుడే పెళ్ళికొడుకుని గుర్రమెక్కించి తరలించడం మా వైపు మోజుగా మొదలైంది. అంతకు ముందు కారు, అంతకు ముందు పల్లకీ. కాబట్టి ఆయన ఎక్కడో దూరాన ఓ ఆడగుర్రాన్ని కొని లారీలో తెప్పించారు. అది కడుపుతో ఉన్న సంగతి అమ్మినవాళ్ళు చెప్పలేదు. తెలిసో తెలియకో, చెప్పలేదు. పడిపోయిన కొబ్బరి మొద్దులింకా తోటలో తియ్యకుండానే ఉన్నాయి, వాటి మధ్యన ఓ తెల్లారి అది ఈనింది. కుంకుడుగింజ రంగు ఒళ్ళు, నుదుటి మీద చిన్న తెల్లచుక్క. షావుకారు గారు ఊరంతటికీ కబురు చేశారు: ఒకటి కొంటే రెండొచ్చేయని. చెప్పకపోవడంలో కూడా లాభం ఉంటుందని ఆయన అప్పుడే నేర్చుకున్నట్టున్నారు.

ఆయన గురించి ఓ మాట చెప్పాలి. ఆయన లోకంలో అందర్నీ ‘బావగారూ’ అని పిలిచేవారు. చెట్టెక్కి కాయల దింపు తీసేవాణ్ణి, కరెంటాఫీసు ఆయన్ని, గుడి పూజారిని, నన్ను. మేమెవరమూ ఆయనకి బావలం కాదు. కానీ బావగారూ అని పిలిచిన మనిషి మీద కోపం నిలవదు. అది మా గోదారి వైపు ఉన్న సుఖం, అదే మా వైపు ఉన్న రోగం కూడా.

పిల్ల పాలు మరిచాక మంచి బేరం తగిలి తల్లిని ఎవరికో ఇచ్చేసి, పిల్లని పెంచమని నాకు అప్పచెప్పారు. “మీ నాన్నగారి చెయ్యి మీకుంటది బావగారూ, దీన్ని మనిషిని చెయ్యండి,” అన్నారు. నాకు అంతకన్నా ఏం కావాలి. పొలం పని అయ్యాక నా బతుకంతా దాని చుట్టూనే.

మా కోనసీమలో గుర్రానికి అన్నీ ఉన్నాయి, నేల తప్ప. పచ్చగడ్డి ఉంది, తవుడుంది, ఉలవలు దొరుకుతాయి. పరిగెత్తడానికి మాత్రం జాగా లేదు. చేలన్నీ బురద, గట్లు మనిషికే ఇరుకు, తోటల్లో అడుగడుగునా నీళ్ళు పారే బోదెలు. గట్టి నేలంటే తారురోడ్డొకటే, దాని మీద బస్సులు. ఎదిగే గుర్రప్పిల్లకి కదలిక లేకపోతే కాళ్ళు పుల్లలైపోతాయి, ఒళ్ళు కొవ్వుతో ఉబ్బుతుంది. మాకు దండిగా ఉన్నది నీళ్ళు. మా నాన్న జట్కా గుర్రానికి కాలు బెణికితే కాలవలో ఈదించేవారు. బెణుకు తగ్గేదాకా కండ పడిపోకుండా అదే మందు అనేవారు. నేనూ ఆ దారే పట్టాను.

ముందు రోజుల్లో మోకాలి లోతున నించోబెట్టి ఊరుకున్నాను. నీళ్ళంటే భయం పోవాలి. తరవాత పొట్ట తడిసేదాకా. ఓ రోజు అదే కాళ్ళు నేల వదిలేసింది. ముక్కుపుటాలు పెద్దవి చేసి, బుస కొడుతూ, తల ఆకాశానికెత్తి ఈదింది. నేను చిన్న దోనెలో కూచుని, మెడతాడు వదులుగా పట్టుకుని పక్కనే వెళ్ళేవాణ్ణి. అవతలి గట్టుకి పోయి, ఊపిరి సర్దుకుని, ఇవతలికి రావడం ఒక ఈత. పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి. గట్టెక్కాక గోనెపట్టాతో ఒళ్ళు రుద్ది, వేడి తగ్గాకే ఉలవలు పెట్టేవాణ్ణి.

నీళ్ళు ఏం చేస్తాయో నేను కళ్ళారా చూశాను. మొదట్లో ఓ ఈతకే డొక్కలు ఎగరేసుకుంటూ నిలబడేది. రాను రాను గట్టెక్కిన కాసేపటికే ఊపిరి నిదానించేది. ముందుకాళ్ళతో నీళ్ళు తోసీ తోసీ రొమ్ము రెండు పలకలై పొంగింది. భుజం నిండింది. వెనక తొడలు గట్టిపడ్డాయి, చెయ్యి వేస్తే తాటిపండు పట్టుకున్నట్టుండేది. ఎండలో నించుంటే చర్మం కింద కండ పాకుతున్నట్టు కనపడేది. దాన్ని చూసి ఎవరూ పిల్ల అనుకోరు. నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వం తప్పని ఇప్పటికీ అనుకోను.

రోజూ చీకటి పడకముందే దాన్ని కట్టేసి, షావుకారు గారి అరుగు దగ్గర ఆగి “రెండీతలు అయ్యాయండి” అని చెప్పి ఇంటికి పోయేవాణ్ణి. ఆయన కొబ్బరికాయల రాసుల మధ్య నుంచి “ఆయ్ బావగారూ” అనేవారు. ఇదే మాట, ఇదే జవాబు, రోజూ.

ఓ సాయంత్రం ఆ అరుగు మీద పాలకేంద్రం ఆయన కూచుని ఉన్నాడు. రోజంతా గేదెల మధ్య తిరిగే మనిషి. నా మాట విని కళ్ళు పెద్దవి చేశాడు.

“అప్పుడే రెండీతలాండీ దీనికి? మా గేదె నాలుగేళ్ళొచ్చినా ఇంకా తొలీతేనండి. ఆ మొగుడెవరో మా దొడ్డికీ ఓసారి పంపండి మావయ్య గారూ.”

మా వైపు పశువు గురించి అడిగే మొదటి ప్రశ్న, ఎన్నో ఈత అని. పాడిపశువు వయసు మేం ఏళ్ళతో లెక్కపెట్టం, ఈనిన ఈతలతో లెక్కపెడతాం. కాలవలో కొట్టేదీ ఈతే, దొడ్లో ఈనేదీ ఈతే. ఆ సంగతి అప్పటిదాకా నా బుర్రకి తట్టలేదు. అరుగు మీద అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అందరికన్నా ఎక్కువ నవ్వింది షావుకారు గారు. కళ్ళ నీళ్ళు తుడుచుకుని మరీ నవ్వారు. ఆ నవ్వు గుర్తుపెట్టుకోండి. నేనింకా గుర్తుపెట్టుకునే ఉన్నాను.

దరిదాపు అదే రోజుల్లో పశువుల డాక్టరు గారు షావుకారు గారి గేదెని చూడ్డానికి వచ్చారు. పడుచు మనిషి, ఊరికి కొత్త. పిల్లదాన్ని చూసి ఆగిపోయారు. “నేను గేదెల డాక్టర్నండి, గుర్రం గురించి చదివి పరీక్ష రాయడమే తప్ప చెయ్యి వేసింది తక్కువ,” అని ముందే చెప్పేశారు. ఆ మాటతోనే నాకాయన నచ్చారు. రొమ్ము తట్టి బాగుందన్నారు. తరవాత కిందికి వంగి, మోకాలి నుంచి గిట్టదాకా వేళ్ళతో తడుముకుంటూ పోయారు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు చెబుతాను. నీళ్ళలో ఒంటి బరువు నీళ్ళే మోస్తాయి. కండకి పని ఉంటుంది, ఊపిరితిత్తులకి పని ఉంటుంది, ఎముకకి ఉండదు. నేల మీద వేసే ప్రతి అడుగూ ఎముకకి ఓ చిన్న దెబ్బ. ఆ దెబ్బ తగిలిన చోటల్లా ఎముక తనని తాను గట్టి చేసుకుంటుంది. పిల్ల వయసులో కీళ్ళ దగ్గర ఎముక కొసలింకా లేతగా ఉంటాయి, వీపు ఎముకలు అన్నిటికన్నా ఆఖర్న గట్టిపడతాయి. పైగా ఈదేటప్పుడు గుర్రం తల పైకెత్తి నడుం కిందికి జార్చేస్తుంది. బరువు మొయ్యాలంటే నడుం పైకి కట్టుకోవాలి. అంటే ఈతలో వచ్చే కండ వేరు, మోతకి కావలసిన కండ వేరు.

“ఈత మాన్పించొద్దండి,” అన్నారాయన. “ఈతతో పాటు నేల కూడా చూపించండి, కొంచెం కొంచెంగా. కండ ముందు పరిగెత్తేసింది, ఎముక వెనకాల నడిచొస్తుంది. ఆ రెండూ కలిసేదాకా వీపు మీద ఎవర్నీ ఎక్కనివ్వకండి. మూడేళ్ళు దాటనివ్వండి.”

నాకు మా నాన్న చెప్పనిది అది. మా నాన్న ఈదించింది ఎదిగిన గుర్రాల్ని, రోజంతా రోడ్డు మీద తిరిగి ఎముక ఉక్కైపోయిన వాటిని. పిల్లకి అది చాలదని ఆయనకి తెలిసే అవసరమే రాలేదు. ఆ సాయంత్రమే డాక్టరు గారి మాటలు షావుకారు గారికి ఒక్కటీ వదలకుండా చెప్పాను. వేసంగిలో ఎలాగూ కాలవలు కట్టేస్తారు, అప్పుడు ఎండిన కాలవ అడుగున తడి ఇసక మీద నడిపిస్తాను, పైఏడు గట్టినేల మీదికి తెస్తాను, మూడేళ్ళు దాటాక మీరు ఏ పెళ్ళికైనా పంపుకోండి అన్నాను. “ఆయ్ బావగారూ,” అన్నారు. ఆయన ఆయ్‌కి ఎన్ని అర్థాలో అప్పటికి నాకు తెలీదు.

కాలవలు కట్టేశారు. నీళ్ళు తగ్గి, అడుగున పాచి, ఆల్చిప్పలు తేలాయి. పిల్లని రోజూ కాలవలోకి దింపి ఇసక మీద నడిపిస్తున్నాను. దానికి అర్థమయ్యేది కాదు. నీళ్ళెక్కడికి పోయాయన్నట్టు వాసన చూస్తూ నడిచేది. ఇంతలో ముక్తేశ్వరంలో మా అక్కయ్య గారి భర్త పోయారని కబురొస్తే వెళ్ళాను. కర్మకాండ అయ్యేదాకా ఉండక తప్పలేదు. తిరిగొచ్చేసరికి తోటలో కట్టుగుంజ ఉంది, పిల్ల లేదు.

“పంపించేసేను బావగారూ,” అన్నారు షావుకారు గారు. “సఖినేటిపల్లి వైపు బ్యాండుమేళం ఆయనొచ్చేడు. చూసి మనసు పడ్డాడు. కాలవా కట్టేసేరు, ఇంక మీరు మాత్రం ఎంతకని తిప్పుతారు.”

మూడేళ్ళదాకా ఎక్కొద్దని చెప్పారా అని అడిగాను.

“అన్నీ మాట్లాడుకున్నావండి.”

నేను నమ్మాను. నమ్మకపోవడానికి నాకు కారణం లేదు. కొన్నాయన మంచి మనిషైతే ఓ ఏడాది ఇసకలో నడిపించుకుంటాడు, మా దగ్గరకన్నా గోదారి ఒడ్డున ఇసకే ఎక్కువ కదా అని మనసుకి చెప్పుకున్నాను.

ఆ వైశాఖంలోనే, ఓ మధ్యాహ్నం, రోడ్డు పక్క టీబడ్డీలో ఉన్నాను. బ్యాండు వినపడింది. పక్కూరి పిల్లకి రాజోలు సంబంధం, పెళ్ళికొడుకువారు తరలి వస్తున్నారని ఎవరో అన్నారు. బడ్డీలోంచి బయటికొచ్చి చూద్దును కదా, నుదుటి మీద చుక్క. ఎర్ర మఖమలు, ఇత్తడి గొలుసులు, నెత్తిన కుచ్చు. వీపు మీద బరువైన జీను, దాని మీద బరువైన పెళ్ళికొడుకు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, చెమటతో షేర్వాణీ ఒంటికి అంటుకుపోయి కూచున్నాడు. పాపం అతని తప్పేముంది, ఎక్కమంటే ఎక్కాడు.

దూరం నుంచి నడక చూస్తేనే తెలిసిపోయింది. నడుం కిందికి జారిపోయి ఉంది, తల పైకెత్తి ఉంది. అది నేల మీద ఈదుతోంది. ఎవరో వీపు మీద కూచుంటే ఏం చెయ్యాలో దానికి తెలీదు, తెలిసింది ఈతొక్కటే.

నేను వెళ్ళి కళ్ళెం పట్టుకున్నాను. చెవులు నా వైపు తిప్పింది, వేడి ఊపిరి నా చేతి మీద పడింది. బ్యాండు యజమాని, నలభైలోపు మనిషి, చేతిలో బాకాతో పరిగెత్తుకొచ్చాడు.

“ఏంటండి మావయ్య గారూ, ముహూర్తం దగ్గరపడతందండి.”

“దింపండి. దీనికి రెండేళ్ళు నిండలేదు.”

అతను నా వైపు జాలిగా చూశాడు, ఎండదెబ్బ తగిలినవాణ్ణి చూసినట్టు. “ఎవరండీ చెప్పేరు? రెండీతల గుర్రవండి ఇది. షావుకారు గారు సొంతంగా చెప్పేరు. రెండీతలంటే తక్కువలో తక్కువ ఏడేళ్ళుండవాండీ? ఆ రొమ్ము చూడండి.”

డప్పులు మోగుతూనే ఉన్నాయి. ఆ రెండీతలూ కాలవలోవి అని అరిచాను. పొదుగు చూడు, ఈనిన పొదుగేనా అది? పళ్ళు చూశావా?

“చూసేనండి. తెల్లగా, చిన్నగా, ముచ్చటగా ఉన్నాయనుకున్నానండి.”

పాలపళ్ళు అవి. బాకా ఊదేవాడికి పాలపళ్ళు ఎలా తెలుస్తాయి. అతని మొహంలో రంగు మారడం చూశాను. వెనక్కి చూశాడు, పెళ్ళివారు తొందరపెడుతున్నారు, ఎవరో ముసలాయన చేతి గడియారం పైకెత్తి చూపిస్తున్నాడు. బ్యాండు యజమాని గొంతు తగ్గించి, వంతెన దాటగానే చెట్టు నీడన దింపేసి కారెక్కిస్తాను, ఈ నడిరోడ్డు మీద దింపితే గొడవైపోతుంది, వంతెనొక్కటీ దాటనివ్వండని బతిమాలాడు. నేను కళ్ళెం వదల్లేదు, పక్కనే నడిచాను.

వంతెన ఎక్కడం ఎక్కింది. ఎక్కడంలో తొడలు పనిచేస్తాయి, తొడలున్నాయి దానికి. దిగుడులో బరువంతా ముందుకాళ్ళ మీదికొస్తుంది. కరిగిన తారులో గిట్ట కొంచెం అంటుకుంది, కొంచెమే. ఎండుమట్ట విరిగినట్టు చప్పుడైంది. డప్పుల్లో ఎవరికీ వినపడలేదు, పక్కనున్న నాకు వినపడింది. పెళ్ళికొడుకు దాని మెడ మీదుగా జారి నిలబడ్డాడు, దెబ్బేం తగల్లేదు. మేళం ఆగింది. కాసేపట్లో కారొచ్చింది, కాసేపట్లో అంతా వెళ్ళిపోయారు. ముహూర్తం ముహూర్తమే కదా. రోడ్డు మీద బ్యాండు యజమాని, నేను, మూడు కాళ్ళ మీద అది.

గుర్రం అరవదు. అరిస్తే బాగుణ్ణు. ఒళ్ళంతా వణుకుతూ, విరిగిన కాలు వేలాడేసుకుని, అది నన్ను లాగడం మొదలుపెట్టింది. ఎటా అని చూస్తే, లాకుల కింద గుంటలో మిగిలిన కాసిన్ని నీళ్ళ వైపు. అక్కడికి పోతే కాళ్ళ మీద బరువుండదని దానికి తెలుసు. గట్టు నిటారుగా ఉంది, దిగనివ్వలేను. మెడ కౌగిలించుకుని ఆపాను. దానికి నేనిచ్చిన బలమంతా నాకు ఎదురొచ్చింది.

టీబడ్డీవాళ్ళు కబురు చేస్తే డాక్టరు గారు మోపెడ్ మీద వచ్చారు. కాలు చూసి లేచి నించుని, ఎటో చూస్తూ, ఇది అతికేది కాదండి అన్నారు. సూది ఆయనే వేశారు. నేను చుక్క మీద చెయ్యి పెట్టి ఉంచాను. మోకాళ్ళ మీదికి వంగి, పక్కకి ఒరిగింది. ఆ కండంతా అలాగే ఉంది. కండకేం కాలేదు.

షావుకారు గారి తోటలోనే పూడ్చారు, పశువు పోతే కొబ్బరిచెట్టు మొదట్లో పూడ్చడం మా వైపు అలవాటు కాబట్టి. ఆ చెట్టు కాపు బాగుందని ఆయనే కొన్నేళ్ళ తరవాత ఎవరితోనో అంటుంటే విన్నాను.

పూడ్చిన రోజే బ్యాండు యజమాని పదిమందిలో అడిగాడు. రెండీతలని ఎలా చెప్పారు షావుకారు గారూ అని. షావుకారు గారు చెయ్యెత్తి నన్ను చూపించారు. ఆ మాట నాది కాదు, బావగారిదే, రోజూ మా అరుగు మీద చెప్పే మాటే, కావలిస్తే ఊరినడగండి అన్నారు. ఊరు తల ఊపింది. నిజమే కదా, రోజూ చెప్పింది నేనే. మీరు అమ్మిన రోజు నేను ఊళ్ళోనే లేనండీ అంటే, మాట మీదేనా కాదా అన్నారు. కాలవలో ఈత అని అర్థం మీకు తెలీదా అంటే, నీళ్ళలో అంత నానేస్తే ఎముక ఉంటుందా అని ఇంకొకరు అందుకున్నారు. తప్పు ఎలా జరుగుతుందో చూశారా, ఒక చేతి నుంచి ఇంకో చేతికి, పెళ్ళిలో తాంబూలం పళ్ళెంలా.

అక్కణ్ణుంచి టీబడ్డీలో నేను కూచుంటే చాలు. “ఏవండీ, ఇవ్వాళేం నానేసేరు? ఉలవలా, ఎముకలా?” అని. నవ్వేవాళ్ళు. నేను లేచి, నీళ్ళు ఎముకని మెత్తబరచవు, గట్టిపడే పని చెప్పవు, అంతే, ఆ పని నేల చెప్పాలి, ఆ నేల చూపించే ఏడాదే మీరు అమ్మేశారు అని మొత్తం చెప్పేవాణ్ణి. టీ చల్లారిపోయేది. వినేవాడు ఒక్కడూ ఉండేవాడు కాదు. డాక్టరు గారు ఉంటే చెప్పేవారేమో, ఆయనకి బదిలీ అయిపోయింది. తరవాత్తరవాత శాఖా గ్రంథాలయంలో పేపర్లు తిరగేస్తుంటే, పట్నాల్లో పందెపు గుర్రాలకి కొలనులు కట్టి ఈదిస్తారని, కాళ్ళకి శ్రమ లేకుండా కండ, దమ్ము పెరగడానికని ఎవరో రాశారు. ఈతతో పాటు రోజూ నేల మీద కూడా నడిపిస్తారని రాశారు. ఆ ముక్క చదివి బల్ల మీద గుద్దితే, గ్రంథాలయం ఆయన బయటికి పొమ్మన్నారు.

నాకు కావలసింది ఒక్కటే. కొన్నవాడు అడిగిందేమిటి, అమ్మినాయన చెప్పిందేమిటి. పొరపాటున దొర్లిన మాటా, తెలిసి వదిలిన మాటా. పొరపాటైతే నేను నోరు మూసుకునేవాణ్ణి. బ్యాండాయన్ని అడుగుదామంటే అతను మేళం అమ్మేసి ఎటో వెళ్ళిపోయాడు. షావుకారు గారిని అడిగాను, ఆయన అరుగు మీద అడిగాను, పెళ్ళి పందిట్లో విస్తరి ముందు అడిగాను, సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు కోసం నించుంటే అడిగాను. పోయినదాని గురించి ఎందుకు బావగారూ అనేవారు. ఒక్కోసారి భుజం తట్టి వెళ్ళిపోయేవారు. రేవులో అయితే పంటెక్కడం మానేసి వెనక్కి వెళ్ళిపోయారు.

అలా ఏళ్ళు గడిచి కొత్త శతాబ్దంలోకి వచ్చేశాం. ఆయనకి మోకాళ్ళు అరిగిపోయాయి. రాజమండ్రి డాక్టరు, నేల మీద నడిస్తే ఇంకా అరుగుతాయి, రోజూ రొమ్ములోతు నీళ్ళలో నడవండి, బరువు నీళ్ళు మోస్తాయి, తొడల్లో కండ నిలబడుతుంది అన్నాడట. కాలవలు వదిలిన శ్రావణంలో ఓ పొద్దున్న, నేను రేవులో మొహం కడుక్కుంటుంటే, ఆయన కర్ర పట్టుకుని మెట్ల మీద నించున్నారు. వెంట వచ్చిన పాలేరు గొడుగు మరిచిపోయానని వెనక్కి వెళ్ళాడు. నేను రోజూ దోనె కట్టిన రేవే అది.

“చెయ్యి పట్టుకోండి బావగారూ,” అన్నారు. “పాచిగా ఉంది, భయంగా ఉందండి.”

పట్టుకున్నాను. ఒక్కో మెట్టూ దింపాను. నీళ్ళు రొమ్ము దాకా వచ్చేసరికి ఆయన బరువు నా చేతిలోంచి పోయింది. మొహంలో నొప్పి కూడా పోయింది. అటూ ఇటూ నడిపించాను. తల పైకెత్తి, నోటితో ఊపిరి పీలుస్తూ, ముసలి పసివాడిలా నడిచారు. ఎంత హాయిగా ఉందో అన్నారు. దానికీ ఇలాగే ఉండేదండి అన్నాను.

ఆయన ఆగిపోయారు. నేను చెయ్యి వదల్లేదు, గట్టిగానూ పట్టుకోలేదు. ఆ రోజు కొన్నాయన ఏం అడిగాడు, మీరేం చెప్పారు అని మళ్ళీ అడిగాను. అలవాటైపోయిన ప్రశ్న, జవాబు వస్తుందని ఆశ పెట్టుకుని అడిగింది కూడా కాదు. ఆయన నీళ్ళ వైపు చూస్తూ, చాలా మామూలుగా, కాయల రేటు చెప్పినట్టు చెప్పారు.

“ఎన్నీతలు అయ్యేయని అడిగేడండి. రెండన్నానండి. ‘రోజుకి’ అన్న ముక్కొక్కటే మింగేనండి. అబద్ధమైతే ఆడలేదు కదండీ బావగారూ.”